"చాలు" అనే మాట పాపాయిదే

మన ఇళ్ళల్లో పసిబిడ్డ బరువు గురించి మాట్లాడనివాళ్ళు ఉండరు. బాలింతను చూడ్డానికి వచ్చినవాళ్ళు మొదట అడిగేదే "ఎన్ని కేజీలు పుట్టింది?" అని. మూడో నెల దాటేసరికి ఆ ప్రశ్న కాస్తా తీర్పు అయిపోతుంది. పిల్ల సన్నగా ఉంటే "నీ పాలు చాలట్లేదేమో, డబ్బా పాలు పట్టరాదూ" అంటారు. బొద్దుగా ఉంటే "ఇంత బరువేమిటమ్మా, డాక్టరుకి చూపించారా?" అంటారు. పూర్వం బొద్దుగా ఉన్న పిల్లకి ఉప్పు, ఎండుమిరపకాయలతో దిష్టి తీసి ఊరుకునేవారు. ఇప్పుడు దిష్టీ తీస్తున్నారు, ఫోనులో గ్రాఫూ చూసి గాభరా పడుతున్నారు.

సన్నగా ఉందన్న బెంగ పాతదే. మన అమ్మమ్మలూ పడ్డారు. బొద్దుగా ఉందన్న బెంగ మాత్రం కొత్తది. చదువుకున్న అమ్మాయిల్లో, అందులోనూ మొదటి కాన్పువాళ్ళలో ఎక్కువగా చూస్తున్నాను. పెద్దయ్యాక ఊబకాయం వస్తుందేమో, షుగరు వస్తుందేమో అని నాలుగు నెలల పాపకి పాలు తగ్గించేదాకా వెళ్తున్నారు. నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. తల్లిపాలు తాగే పసిబిడ్డకి ఎంత తాగాలో తెలుసు. దాన్ని బరువుయంత్రం చూసి మనం మార్చకూడదు. జాగ్రత్త పడాల్సిన వయసు వేరే ఉంది, అప్పుడేమో మనం నిశ్చింతగా ఉంటున్నాం.

మా అక్క కూతురు సంగతి చెప్తాను. పాప పుట్టినప్పుడు 3.4 కేజీలు. తల్లిపాలు తప్ప ఇంకేమీ పట్టలేదు. నాలుగు నెలలు నిండేసరికి 7.9 కేజీలయింది. తొడల మీద మడతలు, మణికట్టు దగ్గర దారం కట్టినట్టు గీత. ఒక రాత్రి నాకు ఫోను చేసింది. "పిన్నీ, పాప 97 పర్సెంటైల్ దగ్గర ఉందట. నాలుగు గంటలకోసారి తప్ప పాలివ్వకూడదనుకుంటున్నా. రెండు రోజుల నుంచి అలాగే చేస్తున్నా. ఒకటే ఏడుపు" అంది. వెనకాల పాప ఏడుపు వినిపిస్తూనే ఉంది. "ముందు పాలివ్వవే తల్లీ, తర్వాత మాట్లాడుకుందాం" అన్నాను.

పర్సెంటైల్ అనగానే మన తెలుగు ఇళ్ళల్లో జేఈఈ గుర్తొస్తుంది. అక్కడ 97 వస్తే పండగ. ఇక్కడ 97 అంటే భయం. నిజానికి ఇది మార్కూ కాదు, ర్యాంకూ కాదు. అదే వయసున్న వందమంది ఆరోగ్యవంతులైన ఆడపిల్లల్ని బరువు ప్రకారం వరసగా నిలబెడితే, 97 మంది ఈ పాపకంటే తక్కువ బరువుంటారు, అంతే. ఆ వరసలో ఎవరో ఒకరు ఆ చివర ఉండాలి, ఎవరో ఒకరు ఈ చివర ఉండాలి. మధ్యలో ఉన్నవాళ్ళే ఆరోగ్యవంతులని ఆ గ్రాఫు ఎక్కడా చెప్పదు.

ఆ గ్రాఫులు ఎలా వచ్చాయో తెలిస్తే సగం భయం పోతుంది. 2006కి ముందు చాలా దేశాల్లో అమెరికా పిల్లల కొలతలతో 1977లో తయారైన పట్టికలే వాడేవారు. ఆ పిల్లల్లో ఎక్కువమంది డబ్బా పాలు తాగినవాళ్ళు. తల్లిపాలు తాగే పిల్లలు మొదటి రెండు మూడు నెలలు గబగబా పెరిగి, తర్వాత నెమ్మదిస్తారు. పాత పట్టికలో చూస్తే ఆ నెమ్మదించడం లోపంలాగా కనిపించేది. "పాలు చాలట్లేదు, పైపాలు మొదలుపెట్టండి" అనే సలహా చాలామంది తల్లులకి అలాగే వచ్చింది. అందుకని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1997 నుంచి 2003 దాకా బ్రెజిల్, ఘనా, ఇండియా, నార్వే, ఒమన్, అమెరికా దేశాల్లో సుమారు 8,500 మంది పిల్లల్ని కొలిచింది. మన దేశం తరఫున దక్షిణ ఢిల్లీ పిల్లలున్నారు. తల్లిపాలు తాగి, పొగతాగని తల్లులకి పుట్టి, సరైన వైద్యం అందుతున్న పిల్లల్ని ఎంచుకుని 2006లో కొత్త పట్టికలు ఇచ్చింది. అలా చూసుకుంటే ఆరు దేశాల పిల్లలూ ఇంచుమించు ఒకేలా పెరిగారు.

ఆ పట్టికలో ఆడపిల్లల లెక్క చూడండి. మధ్యస్థంగా ఉన్న పాప పుట్టినప్పుడు 3.2 కేజీలు, నాలుగో నెలకి 6.4, ఏడాదికి 8.9. అంటే మొదటి నాలుగు నెలల్లో 3.2 కేజీలు పెరిగితే, తర్వాతి ఎనిమిది నెలల్లో పెరిగేది 2.5 కేజీలే. మొదటి నాలుగు నెలల వేగమే సాగితే ఏడాదికి పన్నెండు కేజీలు దాటాలి. దాటదు. బోర్లా పడటం, పాకడం, పట్టుకుని నిలబడటం మొదలయ్యాక ఒళ్ళు దానంతటదే సాగుతుంది. నాలుగో నెల బొద్దుతనం చూసి నలభయ్యో ఏటి ఒళ్ళు ఊహించుకోవడం, మొక్క మొలిచిన వారంలో ఎంత పెరిగిందో చూసి చెట్టు ఎత్తు లెక్కగట్టడం లాంటిది.

మా అక్క కూతుర్ని పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నాను. ఆవిడ ముందు పాప పొడవు కొలిచారు. 66 సెంటీమీటర్లు. ఆ వయసుకి మధ్యస్థం 62. అంటే పాప బరువులోనే కాదు, పొడవులోనూ పై వరసే. పొడవుకి తగ్గ బరువే ఉంది. ఇంట్లో అంతమంది బరువు గురించి మాట్లాడారు కానీ, పొడవు ఎంతని అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. బరువు ఒక్కటే చూస్తే సగమే చూసినట్టు. తల్లీబిడ్డల కార్డులో నెలనెలా చుక్కలు పెట్టించుకుని, ఆ చుక్కలు కలిపిన గీత ఎటు పోతోందో చూడాలి. ఒక్క నెల చుక్క పట్టుకుని కూర్చుంటే ఏమీ తెలియదు.

పాలు తగ్గించడంలో ఇంకో ప్రమాదం ఉంది. తల్లిపాలు అడిగిన కొద్దీ ఊరతాయి. బిడ్డ ఎంత తాగి ఖాళీ చేస్తే ఒళ్ళు అంత తయారు చేస్తుంది. గంటలు లెక్కపెట్టి బలవంతంగా ఎడం పెంచితే పాలు తగ్గిపోతాయి. బరువు ఎక్కువని మొదలుపెట్టిన పని, చివరికి పాలు చాలక డబ్బా కొనే దగ్గర ఆగుతుంది. బిడ్డకి ఆకలైతే తల అటూ ఇటూ తిప్పి వెతుకుతుంది, పెదవులు చప్పరిస్తుంది, గుప్పిట నోట్లో పెట్టుకుంటుంది. ఏడుపు ఆఖరి సంకేతం. కడుపు నిండితే రొమ్ము వదిలేస్తుంది, మొహం తిప్పుకుంటుంది, బిగించిన గుప్పిళ్ళు వదులవుతాయి. మాటలు రాకముందే పిల్లలు చెప్పే "చాలు" అది.

డబ్బా పాలు పట్టాల్సి వచ్చినవాళ్ళని నేనేమీ అనను. రకరకాల కారణాలుంటాయి, అవన్నీ నలుగురికీ విప్పి చెప్పుకోవాల్సిన అవసరం తల్లికి లేదు. కాకపోతే సీసాతో ఒక చిక్కుంది. రొమ్ము దగ్గర ఎంత తాగిందో మనకి కనపడదు, సీసాలో కనపడుతుంది. అడుగున కాసిని మిగిలితే డబ్బు పోసి కొన్న పాలని మనసొప్పదు. నిద్రలోకి జారుతున్న పిల్ల నోట్లో మళ్ళీ కుక్కుతాం. అక్కడే పాపాయి "చాలు"ని మనం కొట్టిపారేస్తున్నాం. మిగిలితే పారబొయ్యండి. బరువు పెరుగుతోందని నీళ్ళు ఎక్కువ కలపడం, తగ్గుతోందని పొడి ఎక్కువ వెయ్యడం రెండూ ప్రమాదమే. డబ్బా మీద రాసిన కొలతే కొలత. సీసాలో బిస్కెట్టు, పంచదార, బియ్యప్పిండి కలపకండి.

అసలు బొద్దుగా ఉంటేనే ఆరోగ్యం అనే బొమ్మ మన తలల్లోకి ఎక్కడినుంచి వచ్చింది? మా పెద్దవాళ్ళు బూరెబుగ్గల పిల్లల్ని "గ్లాక్సో బేబీ" అనేవారు. తర్వాత "అమూల్ బేబీ" అన్నారు. రెండూ పాలపొడి డబ్బాల పేర్లే. పసిపిల్లల పాలపొడికీ, పాలసీసాలకీ ప్రకటనలు ఇవ్వకూడదని మన దేశం 1992లో చట్టం చేసింది, 2003లో ఇంకా గట్టిపరిచింది. డబ్బా మీద బిడ్డ బొమ్మ, తల్లి బొమ్మ వెయ్యకూడదు. బొమ్మ డబ్బా మీదనుంచి పోయింది గానీ మన మనసుల్లోంచి పోలేదు. పక్కింటి బాబు నాలుగో నెలలో ఆరు కేజీలుంటే ఆ తల్లిని చూసి అయ్యో అంటాం. ఆ వయసు మగపిల్లాడికి ఆరు కేజీలు మామూలు హద్దుల్లోనే ఉన్న బరువు. మన పాపని వాళ్ళ బాబు పక్కనా, వాళ్ళ బాబుని మన పాప పక్కనా పెట్టి చూస్తే ఇద్దరు తల్లులకీ నిద్ర పోతుంది.

ఇక జాగ్రత్త పడాల్సిన వయసు. ఢిల్లీలో పుట్టినప్పటి నుంచీ కొలతలు తీసుకుంటూ వచ్చిన సుమారు పదిహేను వందలమందిని, వాళ్ళకి 26 నుంచి 32 ఏళ్ళు వచ్చాక పరీక్షించి 2004లో ఫలితాలు ప్రచురించారు. షుగరు వచ్చినవాళ్ళూ, వచ్చే దారిలో ఉన్నవాళ్ళూ చిన్నతనంలో ఎలా ఉన్నారంటే, మొదటి రెండేళ్ళలో మిగతావాళ్ళకంటే సన్నగా ఉన్నారు, తర్వాతే బరువు పెరుగుతూ వచ్చారు. పసితనంలో బొద్దుగా ఉన్నవాళ్ళకే షుగరు వస్తుందన్న మన భయానికి ఇది ఎదురుగా నిలబడే సంగతి.

ఆ రెండేళ్ళ తర్వాతి పిల్లల్ని మనం ఎలా పెంచుతున్నాం? నాలుగో నెలలో పాలు లెక్కపెట్టిన ఇంట్లోనే రెండో ఏట చేతిలో ఫోను పెట్టి, వాళ్ళు దానికేసి చూస్తుంటే నోట్లో ముద్దలు పెడుతున్నారు. ఏం తిన్నారో, ఎంత తిన్నారో పిల్లలకే తెలియదు. ఏడిస్తే బిస్కెట్టు, అలిగితే చాక్లెట్టు, పేచీ పెడితే చిప్స్ ప్యాకెట్టు. అప్పుడు మాత్రం ఎవరూ గ్రాఫు తియ్యరు.

ఈ విషయంలో మన అన్నప్రాశన నాకు నచ్చుతుంది. మగపిల్లలకి సరి నెలల్లో, ఆడపిల్లలకి బేసి నెలల్లో చేస్తారు. ఆడపిల్లకి ఐదో నెలలో చేసినా అది నాలుకకి పాయసం తాకించే వేడుక. అసలు తిండి ఆరు నెలలు నిండాకే. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదీ అదే. అప్పటిదాకా తల్లిపాలు చాలు, ఎండాకాలంలో కూడా మంచినీళ్ళు అక్కర్లేదు. ఆ తర్వాత మెత్తటి పప్పన్నం, నెయ్యి, ఉడికించి మెదిపిన కూరలు, పళ్ళు, గుడ్డు, వాటితోపాటు తల్లిపాలు రెండేళ్ళూ, ఆ పైనా. ఏడాది లోపు తేనె నాకించొద్దు, ఆవుపాలూ గేదెపాలూ ప్రధాన ఆహారంగా పట్టొద్దు, ఉప్పూ పంచదారా వెయ్యొద్దు. నెయ్యి మానెయ్యాల్సిన పని లేదు. ఈ వయసులో మెదడు పెరగడానికి కొవ్వు కావాలి.

డాక్టరు అక్కర్లేదని కాదు నా ఉద్దేశం. పొడవు ఆగిపోయి బరువు ఒక్కటే పైకి పోతున్నా, గీత అకస్మాత్తుగా కిందికి జారినా, పిల్ల నీరసంగా ఉన్నా, రోజుకి ఆరుసార్లకన్నా తక్కువ ఉచ్చ పోస్తున్నా వెంటనే చూపించండి. బంధువుల మాటలకీ, ఫోను గ్రాఫుకీ మాత్రం పాలు తగ్గించకండి.

మా అక్క మనవరాలు ఏడాదికి పది కేజీలయింది. ఎవరూ ఏమీ తగ్గించలేదు. ఎనిమిదో నెలలో పాకడం మొదలుపెట్టాక తొడల మడతలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. ఇప్పుడు దాని నానమ్మ "పిల్ల చిక్కిపోయింది, ఇంకో రెండు ముద్దలు పెట్టవే" అంటోందట. అది నోరు బిగించి తల అడ్డంగా ఊపుతోందట. అమ్మమ్మలకీ, నానమ్మలకీ నా మనవి: ఆ రెండు ముద్దలూ గిన్నెలోనే ఉండనివ్వండి. ఆకలైతే అదే అడుగుతుంది.