వాళ్ళ మూకుడు, మన మురిపెం

"మూడు తరాలుగా అదే మూకుడు, అదే రుచి" అనే వాక్యం వింటే నాకు ఒళ్ళుమంట. బ్యాంకాక్ చైనాటౌన్ గురించి ఏ వ్యాసం తెరిచినా, ఏ వీడియో చూసినా ఈ ముక్క ఏదో ఒక రూపంలో తగులుతుంది. చెమటకి తడిసిన బనీనులో ఒక పెద్దాయన, ముందు బొగ్గుల పొయ్యి, స్లో మోషన్‌లో లేచే మంట. కింద కామెంట్లలో "ఇలాంటివి కాపాడుకోవాలి" అని నిట్టూర్పులు. సరే, ఎవరు కాపాడాలి? ఎవరి నడుము అరిగి?

నేను మాట్లాడుతున్నది క్వయ్‌తియావ్ ఖువా గయ్ అనే వంటకం గురించి. వెడల్పాటి బియ్యప్పిండి నూడుల్స్, కోడిమాంసం, గుడ్డు, నానబెట్టి ఉబ్బించిన స్క్విడ్ ముక్కలు, పంది కొవ్వు. అంతే. సాసుల గోల దాదాపు ఉండదు. లెట్యూస్ ఆకు పరిచి, దాని మీద వేసి ఇస్తారు. గొప్పతనమంతా మంటది. నూడుల్స్ ఒకదానికొకటి అతుక్కుని, అంచులు మాడీ మాడనట్టు కరకరలాడాలి, లోపల మెత్తగా సాగాలి. పెసరట్టు అంచు కోసం అన్నదమ్ములు కొట్టుకునే ఇంట్లో పెరిగినవాళ్ళకి వేరే వివరణ అక్కర్లేదు. మూకుడులో ఒకేసారి నాలుగైదు ప్లేట్లకి సరిపడా వేశారా, అది ఉడుకుతుంది గానీ వేగదు. అంటే ప్రతి ప్లేటుకీ ఒక మనిషి భుజం మళ్ళీ మొదట్నుంచీ కదలాలి.

ఫ్లప్‌ఫ్లా చాయ్ వైపు ఒక సందులో నేను తిన్నచోట మూకుడు దగ్గర నిలబడింది ముప్ఫయ్యేళ్ళ అమ్మాయి. తండ్రి గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఉన్నాడు. ఆయన కుడిచెయ్యి భుజం పైకి లేవట్లేదు. నా ముందు టేబుల్లో కూర్చున్న టూరిస్టు ఆ అమ్మాయిని వచ్చీరాని థాయ్‌లో, "నీ పిల్లలు కూడా ఇదే చేస్తారు కదా?" అని అడిగాడు. ఆశీర్వాదంలా అడిగాడు పాపం. ఆమె నవ్వి గుడ్డు పగలగొట్టింది. ఆ టూరిస్టు తన పిల్లల్ని ఏ కాలేజీలో చేర్చాడో నాకు తెలీదు గానీ, బొగ్గు పొయ్యి ముందు మాత్రం నిలబెట్టి ఉండడు.

ఈ "సంప్రదాయం" ఎలా పుట్టిందో కాస్త చూద్దాం. 1782లో మొదటి రామ చక్రవర్తి రాజప్రాసాదం కట్టుకోవడానికి నది ఒడ్డున ఉన్న చైనీయులని లేపి సాంపెంగ్‌కి పంపించాడు. బ్యాంకాక్ చైనాటౌన్ మొదలైందే ఖాళీ చేయించడంతో. (అంతకు ముందు ఏలిన తాక్సిన్ రాజు తండ్రి తియోచ్యూ చైనీయుడన్నది వేరే ముచ్చట.) 1890ల్లో యావరాత్ రోడ్డు వేశారు. 1913లో ఇంటిపేర్ల చట్టం వచ్చాక చైనా వంశనామాలు క్రమంగా బారెడు థాయ్ పేర్లలో దాక్కున్నాయి. మరుసటి ఏడాదే వజిరావుధ్ రాజు చైనీయుల్ని "తూర్పు దేశపు యూదులు" అంటూ మారుపేరుతో వ్యాసం రాశాడు. అందులో యూదుల మీదా, చైనీయుల మీదా ఒకేసారి ద్వేషం కక్కాడు.

ఆ తర్వాత ఫిబున్ సోంగ్‌ఖ్రామ్. 1939లో సియాం పేరు థాయ్‌లాండ్‌గా మార్చింది ఈయన ప్రభుత్వమే. అదే కాలంలో చైనీస్ బడులు మూయించింది, పత్రికలు మూయించింది, కొన్ని వృత్తులు థాయ్‌లకే అని రాసిపెట్టింది. అదే చేత్తో జనాన్ని నూడుల్స్ తినండి, నూడుల్స్ అమ్మండి అని ప్రచారం చేసింది. ప్యాడ్ థాయ్ జాతీయ వంటకమై కూర్చున్నది ఆ ఊపులోనే. నూడుల్స్‌కి వాడే "క్వయ్‌తియావ్" అన్న మాటే చైనా నుంచి వచ్చింది. గిన్నెలో పదార్థం కావాలి, గిన్నె తెచ్చినవాడి భాష మాత్రం వద్దు!

ఇంత జరిగాక ఆ మనుషులు మూకుడుని వదల్లేదంటే దానికి కారణం వారసత్వం మీద మమకారం ఒక్కటే అనుకోవడం నా దృష్టిలో అన్యాయం. వలస వచ్చినవాడికి భూమి లేదు, కొన్ని పనులకి అనుమతి లేదు. పొయ్యి ఉంది. వేయించాడు. కొడుకుని చదివించడానికి వేయించాడు. ఎప్పటికైనా ఈ పని మానేయడానికే చాలామంది ఈ పని చేశారు. దాన్ని మనం ఇప్పుడొచ్చి "మానకండి" అంటున్నాం.

మరి రుచి పోతే బాధ లేదా అంటారా? ఉంది. బొగ్గు మీద వేగినదానికీ గ్యాస్ మీద వేగినదానికీ తేడా నా నాలుకకి తెలుసు. పంది కొవ్వు తీసేసి ఫ్యాక్టరీ నూనె పోస్తే అది ఇంకో వంటకం. కానీ ఈ బాధని తీసుకెళ్ళి ఎవరి తలకి చుడుతున్నామన్నదే నా గొడవ. "కొత్తతరం పట్టించుకోవట్లేదు" అని కూతుళ్ళనీ కొడుకుల్నీ తిట్టడం సులభం, ఖర్చు లేని పని. అద్దె సంగతి ఎత్తితే కథ చెడిపోతుంది.

2017 సంగతి చూడండి. ఆ ఏప్రిల్‌లో బ్యాంకాక్ నగర పాలకులు ఫుట్‌పాత్ బళ్ళు తీసేస్తామన్నారు. యావరాత్, ఖావ్ శాన్ రోడ్లకి మాత్రం మినహాయింపు, ఎందుకంటే అక్కడికి విదేశీయులు వస్తారు. ఆఫీసు గుమాస్తాలు మధ్యాహ్నం తినే బండి పోవచ్చు, కెమెరాలు తిరిగే బండి ఉండాలి. అదే డిసెంబర్‌లో మిషలిన్ గైడ్ బ్యాంకాక్‌కి వచ్చి, డెబ్భై దాటిన జే ఫాయ్‌కి నక్షత్రం ఇచ్చింది. ఆ రద్దీ తట్టుకోలేక నక్షత్రం తిరిగిచ్చేయాలని ఉందని ఆవిడ అన్నట్టు తర్వాత వార్తలొచ్చాయి. మనం ఆ వార్తని కూడా ముద్దుగా చదువుకున్నాం.

2019లో వాట్ మంగ్‌కోన్ దగ్గర మెట్రో స్టేషన్ తెరిచారు. మంచిదే, నేనూ దాంట్లోనే వెళ్ళాను. కానీ స్టేషన్ పక్కన నేల విలువ పెరిగితే ఆ నేల మీద ప్లేటు నూడుల్స్ అమ్ముకునేవాడికి ఏమవుతుందో లెక్కల మాస్టారు చెప్పక్కర్లేదు. ఆ దగ్గర్లోనే, కాగితపు పూజాసామాన్లు అమ్మే చరోయెన్ చాయ్ వాసులు తమ పాత ఇళ్ళు నిలబెట్టుకోవడానికి ఏళ్ళుగా పాకులాడుతున్నారు. వెంగ్ నఖోన్ కసేమ్ అనే పాత బజారు మొత్తాన్ని 2012లో ఒక పెద్ద వ్యాపార సంస్థకి అమ్మేశారు. అక్కడి అద్దెదారులు వెళ్ళిపోయారు. సామ్ యాన్‌లో చావ్ మే తాప్తిమ్ గుడిని చూసుకునే కుటుంబానికి 2020లో ఖాళీ చేయమని నోటీసు వచ్చింది. స్థలం చులాలాంగ్‌కోర్న్ విశ్వవిద్యాలయానిది. అడ్డం నిలబడినవాళ్ళలో ఆ విశ్వవిద్యాలయం విద్యార్థులే ఉన్నారు. దాని మీద 2023లో ఒక డాక్యుమెంటరీ వచ్చింది. తిండి వీడియోలకి వచ్చే వ్యూస్‌లో పదోవంతైనా దానికి వచ్చి ఉంటే సంతోషం.

ఆ విద్యార్థులు ఆ కుటుంబాన్ని "మీ ఆచారం గొప్పది, కొనసాగించండి" అని పొగిడి ఊరుకోలేదు. స్థలం యజమాని తమ విశ్వవిద్యాలయమే అయినా, అతన్నే నిలదీశారు. నాకు నచ్చింది అదీ. తిండి గురించి రాసేవాళ్ళు ఒక్కసారైనా "ఈ గది ఎవరిది? లీజు ఎన్నేళ్ళు?" అని అడిగి రాస్తే ఎంత బాగుండు! ముసలాయన చేతి ముడతల మీద మూడు పేరాలు రాసే ఓపిక ఉంది కదా. అద్దె మీద ఒక్క లైను రాయలేమా? ప్లేటుకి పది బాత్‌లు పెంచితే "ఇప్పుడు కమర్షియల్ అయిపోయారు" అని రివ్యూ పెట్టేదీ మనమే, కొట్టు మూసేస్తే నివాళి రాసేదీ మనమే.

ఆ అమ్మాయి రేపు గ్యాస్ పొయ్యి పెట్టుకుంటే పెట్టుకోనివ్వండి. ఇద్దరు బర్మా కుర్రాళ్ళని జీతానికి పెట్టుకుని, వాళ్ళకి పని నేర్పి, తను ఏడింటికల్లా ఇంటికెళ్తే వెళ్ళనివ్వండి. నూడుల్స్ అంచు కొంచెం తక్కువ కరకరలాడుతుంది. నేను వెళ్ళి తింటాను, పెరిగిన ధర ఇచ్చి తింటాను. కొట్టే మూసేసి ఏ అకౌంట్స్ ఆఫీసులోనో చేరిపోయినా ఆమెని నేను ఏమీ అనను. ఆ గదిలోకి ఎవరొచ్చారో, ఎంత అద్దెకి వచ్చారో మాత్రం కనుక్కుంటాను.