విలువ తెలిస్తే సరిపోతుందా?

మూడేళ్ళు ఒక కథల సంకలనం మీద పనిచేశాను. పాత పత్రికలు వెతకడం, జెరాక్సులు తీయించడం, ప్రూఫులు దిద్దడం, రచయిత్రుల వివరాలు సేకరించడం, చివరికి ముందుమాటలో సగానికి పైగా రాయడం కూడా నేనే. పుస్తకం వచ్చాక చూస్తే సంపాదకుడిగా అట్టమీద ఒక పెద్దాయన పేరుంది. నా పేరు కృతజ్ఞతల పేజీలో, డి.టి.పి. చేసినవారి పేరుకి ఒక్క వరుస పైన ఉంది. ఆ వారమే నా పుట్టినరోజు. ఒక స్నేహితురాలు కాఫీ కప్పు తెచ్చిచ్చింది. దానిమీద ఇంగ్లీషులో పెగీ కార్టర్ మాట అచ్చువేసి ఉంది. తన విలువ తనకు తెలుసని, మిగతావాళ్ళు ఏమనుకున్నా ఒకటేనని దాని అర్థం. "వదిలెయ్యవే, నీ విలువ నీకు తెలుసు కదా" అంది. ప్రేమతోనే అంది. అందుకే ఆ మాట మీద కోపం తెచ్చుకోవడానికి నాకు కొంత కాలం పట్టింది.

ఆ మాట ఎక్కడిదో తెలియనివారి కోసం చెప్తాను. మార్వెల్ కామిక్స్‌లో పెగీ కార్టర్ 1966లో కెప్టెన్ అమెరికా ప్రియురాలిగా పుట్టింది. ఆమెనే నాయికగా పెట్టి 2015లో ఎబిసి ఛానల్ 'ఏజెంట్ కార్టర్' అనే గూఢచారి సీరియల్ తీసింది. హేలీ ఆట్వెల్ నటించింది. కథాకాలం 1946, స్థలం న్యూయార్క్. యుద్ధంలో ప్రాణాలకు తెగించి పనిచేసిన పెగీ, ఎస్.ఎస్.ఆర్. అనే రహస్య సంస్థ ఆఫీసులో మగ ఏజెంట్లకు కాఫీలు అందిస్తూ, ఫైళ్ళు సర్దుతూ ఉంటుంది. ఆ ఆఫీసు ఒక టెలిఫోన్ ఎక్స్ఛేంజి వెనక దాక్కుని ఉంటుంది. ముందు గదిలో వరసగా కూర్చుని కాల్స్ కలిపే అమ్మాయిలే ఆ సంస్థకు తెర. ఈ ఒక్క దృశ్యం మీదే ఒక వ్యాసం రాయొచ్చు.

నా తగాదా మొదటి సీజన్ చివరి ఎపిసోడ్ 'వాలెడిక్షన్' తో. 2015 ఫిబ్రవరి 24న ప్రసారమైంది. మనుషుల్ని మాటలతో వశపరుచుకునే ఫెన్‌హాఫ్ అనే డాక్టరు, హోవర్డ్ స్టార్క్‌ని భ్రమలో ముంచి, ప్రాణాంతకమైన గ్యాస్‌తో ఉన్న విమానాన్ని న్యూయార్క్ జనం మీదికి పంపిస్తాడు. డాటీతో తలపడి, ఆ తర్వాత రేడియోలో మాట్లాడి మాట్లాడి స్టార్క్‌ని వెనక్కి మళ్ళించేది పెగీ. మర్నాడు ఆమె ఆఫీసులో అడుగుపెట్టగానే తోటి ఏజెంట్లు లేచి చప్పట్లు కొడతారు. నిజం చెప్పొద్దూ, నాకూ కళ్ళు చెమర్చాయి. వెంటనే ఒక సెనెటరు వస్తాడు. నేరుగా జాక్ థాంప్సన్ చెయ్యి పట్టుకుని అభినందిస్తాడు. థాంప్సన్ ఆ ఘనతంతా తనదిగా ఒప్పేసుకుంటాడు. యుద్ధంలో కాలు దెబ్బతిని ఊతకర్రతో నడిచే డేనియల్ సౌసా ఉడికిపోతాడు. అప్పుడు పెగీ శాంతంగా కప్పు మీది మాట అంటుంది. తనకు ఏ గౌరవాలూ, ఎవరి మెప్పూ అక్కర్లేదంటుంది.

ఈ సన్నివేశాన్ని స్త్రీవాదం అంటూ మెచ్చుకున్నవాళ్ళు చాలామంది. నాకు మాత్రం అది మర్యాదగా నోరు నొక్కడంలా కనిపిస్తుంది.

ఒక్క వారం ముందు, ఏడో ఎపిసోడ్‌లో, ఇదే పెగీ విచారణ గదిలో కూర్చుని ఏమంది? మీరెవరూ నన్ను చూడలేదు, మీకు తోచిన బొమ్మలే నాలో చూసుకున్నారు అని ఆ మగవాళ్ళ మొహాల మీదే చెప్పింది. తాను కనిపించకపోవడం వాళ్ళ తప్పు అని అంత స్పష్టంగా గుర్తించిన మనిషి, వారం తిరిగేసరికి కనిపించకపోయినా పర్వాలేదంటుంది. దీన్ని ఎదుగుదల అంటారా?

ఇంకో సంగతి. పోయింది పతకమే అయితే నేనూ సరే అనుకునేదాన్ని. కానీ ఆ రోజు ఆ ఆఫీసులో ఒక కుర్చీ ఖాళీగా ఉంది. చీఫ్ డూలీ అంతకు ముందు ఎపిసోడ్‌లోనే చనిపోయాడు. సెనెటరు చెయ్యి కలిపింది మామూలు మనిషితో కాదు, రేపు ఆ కుర్చీలో కూర్చోబోయేవాడితో. 2016లో రెండో సీజన్ మొదలయ్యేసరికి న్యూయార్క్ చీఫ్ థాంప్సన్, లాస్ ఏంజెలెస్ చీఫ్ సౌసా. పెగీ ఎప్పటిలాగే ఏజెంటు. తాను పట్టుకున్న డాటీని తాను విచారిస్తుంటే, థాంప్సన్ ఆ విచారణ తన చేతిలోకి తీసుకుని ఆమెను లాస్ ఏంజెలెస్‌కి పంపేస్తాడు. గుర్తింపు అంటే చప్పట్లు అనుకుంటాం. అది జీతం, పదవి, ఫైలు మీద సంతకం చేసే హక్కు. ఆవేశపడిన సౌసాకి కూడా ఒక కుర్చీ దొరికింది. ఆవేశపడకుండా ఊరుకున్న ఆమెకే దొరకలేదు.

ఆ కాలం అలాంటిది, ఆమె మాత్రం ఏం చేస్తుంది అంటారు. ఈ సన్నివేశం 1946లో రాసింది కాదు. ఈ సీరియల్ నడిపిన తారా బటర్స్, మిషెల్ ఫజెకాస్ ఇద్దరూ స్త్రీలే. వాళ్ళు కూడా ఇలా రాజీపడ్డారే అన్నదే నా బాధ. పోనీ ఆ కాలపు అసలు మనుషుల్నే చూద్దాం. పెర్ల్ విదరింగ్టన్ 1943లో బ్రిటన్ తరఫున పారాచూట్‌తో ఫ్రాన్సులో దిగిన గూఢచారి. 1944 మేలో ఆమె పై అధికారిని జర్మన్లు పట్టుకుంటే ఆ కుర్చీ ఖాళీగా ఉంచలేదు. దళ నాయకత్వం తానే తీసుకుని వెయ్యిమందికి పైగా సాయుధుల్ని నడిపింది. యుద్ధం అయ్యాక ఆమెకు మిలిటరీ క్రాస్ ఇవ్వాలని సిఫారసు చేస్తే, ఆడవాళ్ళకు ఆ పతకం ఇవ్వం అన్నారు. బదులుగా సివిల్ విభాగంలో ఎం.బి.ఇ. ఇచ్చారు. నేను చేసిన పనిలో సివిల్ ఏముందని ఆవిడ దాన్ని తిప్పి పంపేసింది. తర్వాత సైనిక విభాగంలోనే ఇవ్వాల్సి వచ్చింది. పారాచూట్ దళం బ్యాడ్జీ రాకపోవడం ఆమెకు ఇంకా పెద్ద లోటు. అది 2006లో, ఆమెకు తొంభై దాటాక అందింది. తన విలువ తెలిసిన మనిషి అలా ఉంటుంది మరి. విలువ తెలిసింది కాబట్టే ఆవిడ ఊరుకోలేదు.

1946 అనగానే మనకు గుర్తొచ్చేది వేరు. ఆ సంవత్సరమే తెలంగాణలో సాయుధ పోరాటం రాజుకుంది. మన ఆడవాళ్ళూ కొరియర్లుగా కబుర్లు మోశారు, ఆయుధాలు దాచారు, దళాల్లో తిరిగారు. 1951లో పోరాటం విరమించాక చాలామందిని ఇళ్ళకు పొమ్మన్నారు. తాము ఏం చేశారో వాళ్ళకి తెలియదా? బాగా తెలుసు. అయినా స్త్రీశక్తి సంఘటన వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, అడిగి, 'మనకు తెలియని మన చరిత్ర' వేసేదాకా, అంటే 1986 దాకా, అది చరిత్ర కాలేదు. ముప్ఫై అయిదేళ్ళు! ఎవరికి వాళ్ళు లోపల దాచుకున్న విలువని దొంగిలించడం ఎంత తేలికో ఆ పుస్తకం పేరే చెప్తుంది.

పెగీ మీద నాకు కోపం లేదు. ఎపిసోడ్ చివర్లో ఆమె బ్రూక్లిన్ వంతెన మీద నిలబడి, స్టీవ్ రోజర్స్ రక్తం ఉన్న సీసాని నదిలో ఒంపేసే చోటు నాకు చాలా ఇష్టం. ఎవరి జ్ఞాపకంగానో బతకడం మానేసుకున్న మనిషి ఆమె. అంతటి మనిషి చేత ఆ మాట అనిపించడమే నాకు మింగుడు పడదు. ఆ మాట ఆమె నోట్లోంచి కప్పు మీదికి, కప్పు మీంచి నా స్నేహితురాలి నోటికి వచ్చింది. అదే మాట మా పెద్దాయన కూడా అనగలడని చాలా ఆలస్యంగా తట్టింది. అన్నాడు కూడా. "మీ కృషి మాకు తెలియదా అమ్మా, పేరుదేముంది" అన్నాడు. పేరులో ఏమీ లేకపోతే అట్టమీద ఆయన పేరెందుకని నేను అడగలేదు. అప్పుడు నోరు రాలేదు.

ఆ సంకలనం రెండో ముద్రణకు వెళుతోందని ఈ మధ్య తెలిసింది. ప్రచురణకర్తకి ఉత్తరం రాశాను. నేను చేసిన పనుల జాబితా, తేదీలతో సహా, నాలుగు పేజీలు వచ్చింది. అట్టమీద నా పేరు ఉండాలని రాశాను. నెలన్నర అయింది, జవాబు లేదు. కప్పు నా బల్ల మీదే ఉంది, అందులో పెన్నులు పెట్టుకుంటున్నాను. రేపు రెండో ఉత్తరం రాస్తాను, ఈసారి రిజిస్టర్డ్ పోస్టులో.