ఇసుకలో అడుగులు

కంటోన్మెంట్లలో పెరిగే మాలో చాలామందికి గోల్ఫ్ మైదానం కంచె అవతలే ఉంటుంది. బంకర్ అనే ఇసుక గుంటలోంచి బంతిని కొట్టాక, పక్కనే ఉండే పళ్ల రేక్‌తో ఇసుక చదును చేసి రావడం మర్యాద. చేయకపోయినా మామూలుగా పెనాల్టీ లేదు. కానీ వెనక వచ్చేవారి బంతి ఆ అడుగుజాడలో పడితే, వాళ్లు అక్కడి నుంచే కొట్టాలి. తప్పు ఒకరిది, తిప్పలు మరొకరివి! 2019లో నియమాలు సడలించి బంకర్‌లోని ఆకులు, రాళ్లు తీసేయనిచ్చారు. అడుగుజాడలకు మాత్రం మినహాయింపు లేదు. అదే సబబంటాం మేము. మినహాయింపు ఇస్తే ఇక రేక్ ఎవరు పట్టుకుంటారు? బదిలీ రాగానే, రాబోయే కుటుంబం కోసం క్వార్టర్ ఊడ్చి తాళం అప్పగించే ఇళ్లు మావి. ‘క్యాడీ చూసుకుంటాడులే’ అంటూ వెళ్లిపోయే పెద్దలను చూస్తే మాకు మింగుడుపడదు.