ఎర్రదీపం ఆరకపోతే...

పొద్దున్నే తాళం తిప్పితే 'టక్'మని ఒక్క శబ్దం. సెల్ఫ్ తిరగదు. ఇంకేముంది... ఇంటిల్లిపాదీ ట్రాక్టరు వెనక చేరి తోయాల్సిందే! 'బ్యాటరీ పోయింది, కొత్తది వేయించు' అంటారు చూసినవాళ్లంతా. వేలు పోసి వేయిస్తే నాలుగు రోజులు బాగానే ఉంటుంది. ఐదోరోజు మళ్లీ తోపుడే. పాపం, బ్యాటరీ తప్పేం లేదు. దాన్ని పస్తులుంచుతున్నది డైనమో కావచ్చు, దాని పక్క సరంజామా కావచ్చు.

ఇప్పటి ట్రాక్టర్లకు ఆల్టర్నేటర్ ఉంటుంది. 1960ల నాటి మాసీ ఫెర్గూసన్ 35 లాంటి పాత బళ్లకు డైనమోనే. ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుంటే అది ఛార్జింగ్ ఇవ్వదు. కాబట్టి స్లోలో ఎర్రదీపం వెలిగినా కంగారక్కర్లేదు. రేజ్ చేసినా ఆరకపోతేనే అనుమానించాలి.

ముందు ఫ్యాన్ బెల్టు. ఇంజిన్ ఆపి బొటనవేలితో నొక్కితే అర అంగుళం, ఇంకాస్త దిగాలి. అంతకు మించి వదులుంటే బిగించాలి.

అసలు పరీక్షకు ఓ వోల్టుమీటరు చాలు. లూకాస్ డైనమోకు రెండు టెర్మినళ్లుంటాయి... పెద్దది 'డి', చిన్నది 'ఎఫ్'. వాటి వైర్లు విప్పి, రెండు టెర్మినళ్లనూ చిన్న వైరుముక్కతో కలపాలి. మీటరు ఒక కొస అక్కడ, రెండోది డైనమో బాడీకి. ఇంజిన్ స్టార్టు చేసి మెల్లగా పెంచితే ముల్లు చకచకా ఎక్కాలి. (మెడలో తువ్వాలు ఉంటే ముందే తీసి పక్కన పెట్టండి, పక్కనే బెల్టు తిరుగుతుంటుంది!) 20 వోల్టుల దాకా పోనివ్వొద్దు, ఇంజిన్‌ను గట్టిగా రేజ్ చేయొద్దు. ముల్లు అసలు కదలకపోతే బ్రష్షులు చూడాలి. ఒక వోల్టు దగ్గరే ఆగితే ఫీల్డు కాయిల్, ఐదు దగ్గర ఆగితే ఆర్మేచర్ పోయి ఉండొచ్చు.

ముల్లు బాగానే లేచిందా? అయితే డైనమో విప్పే పనే లేదు. లోపం వైర్లలోనో, రెగ్యులేటర్ డబ్బాలోనో ఉంటుంది. ఆ డబ్బాలోనే కటౌట్ ఉంటుంది. ఇంజిన్ ఆగగానే బ్యాటరీకీ డైనమోకీ సంబంధం తెంచడం దాని పని. దాని పాయింట్లు అతుక్కుపోతే మాత్రం కరెంటు రాత్రంతా వెనక్కి డైనమోలోకి పారుతుంది. పగలంతా బాగా ఎక్కిన ఛార్జింగ్ తెల్లారేసరికి మాయం! కొత్త బ్యాటరీలను మింగేసేవాటిలో ఇదొకటి.

ఇంకో చిక్కుంది. ఫెర్గూసన్ టీఈ 20 వంటి పాత బళ్లలో బ్యాటరీ ప్లస్‌ను బాడీకి కలిపేవారు. ఆ సంగతి తెలియనివాళ్లు కొత్త బ్యాటరీ బిగించేటప్పుడు అలవాటు కొద్దీ మైనస్ కలిపేస్తారు. డైనమో మాత్రం పాత పద్ధతిలోనే కరెంటు తీస్తుంటుంది. రెండింటికీ పొత్తు కుదరక కటౌట్ పాయింట్లు కాలతాయి. పాత పద్ధతిలోనే బిగిస్తే గొడవ లేదు. మైనసే కలపాలనుకుంటే ఇంజిన్ ఆపి, 'ఎఫ్' వైరు విప్పి, బాడీకి కలపని బ్యాటరీ కొస నుంచి ఓ వైరు తెచ్చి 'ఎఫ్' టెర్మినల్‌కు క్షణంపాటు తాకించాలి. చిన్న నిప్పురవ్వ లేస్తుంది. ఆ వైరు తీసేసి 'ఎఫ్' వైరును మళ్లీ బిగించి రేజ్ చేస్తే, మిగతాదంతా బాగుంటే ఎర్రదీపం ఆరిపోతుంది.