కథ యెవరి కన్నులతో మొదలుకావలెను?



నవల వ్రాయబూనిన వారికి మొదటి పుటయందే ఒక చిక్కు ఎదురగును. ఇంటిలో పదిమంది యుందురు. వారిలో ఎవరి కన్నులతో కథను చూపవలెను? పేరుగల నాయకునితో మొదలుపెట్టుట సులభముగా తోచును. జరుగబోవునది ఎవరిని మిక్కిలి తాకునో, అయినను ఎవరి మాట చెల్లదో, వారి వెంట పోవుట మేలని నా మతము.

దీనికి దృష్టాంతము మన సీమలోనే కలదు. బేతంచెర్లకు పొరుగుననున్న నంద్యాల నేలిన కృష్ణరాజునకు పింగళి సూరన 16వ శతాబ్దమున కళాపూర్ణోదయమును అంకితమిచ్చెను. గ్రంథము పేరు కళాపూర్ణునిది. కాని కథారంభమున అతడు పుట్టనే లేదు. మనము మొదట చూచునది ద్వారకలోని కలభాషిణిని. ఆమె నలకూబరుని వలచినది; ఆ వలపు తన్నెచ్చటికి కొనిపోవునో యెరుగదు. ఇదంతయు బ్రహ్మ సరస్వతికి మునుపే చెప్పిన కథయని చాల దూరము చదివినగాని మనకును తెలియదు. అన్నియు నెరిగిన బ్రహ్మతోనే మొదలైయున్నచో, కలభాషిణి వేదన మనకు తీరిన పద్దువలె తోచియుండును.

పైనుండి చూచుటయు ఒక పద్ధతియే. గోల్డుస్మిత్తు 1766లో వెలువరించిన ఆంగ్ల నవలలో మతగురువు తన కథను తానే చెప్పుకొనును. అతని మాటలనుండియే అతని అమాయకత్వము మనకు తెలియును. వీరేశలింగము పంతులుగారు ఆ నవల ఛాయ గ్రహించి, 1878లో రాజశేఖర చరిత్రమును ప్రకటించినపుడు, “నేను” అను గొంతును విడిచి, గోదావరీతీర వర్ణనముతో ఆరంభించిరి. అందువలన లోకమందలి మూఢాచారములన్నిటిని చూపుటకు వీలయ్యెను. రాజశేఖరుని మనస్సు మాత్రము మనకు కొంత దూరమయ్యెను.

1927 నాటి మైదానములో చలముగారు రాజేశ్వరిచేతనే కథ చెప్పించిరి. ఆమె నడత మనకు సమ్మతము కాకపోవచ్చును. అయినను భర్త కన్నులతో మొదలైయున్నచో, ఆమె మాట వినకమునుపే మనము తీర్పు చెప్పియుందుము గదా!

ఇక మన యిండ్ల సంగతి చూతము. వానలు లేక బీటలువారిన చేనిని బండల గనికై అమ్ముచున్నారనుకొందము. యజమానితో మొదలుపెట్టిన అది అప్పుల కథ యగును. కొడుకుతో మొదలుపెట్టిన ఆశల కథ యగును. యజమాని భార్య యున్నది. ఆ చేనిలోని బావిని త్రవ్వించినది ఆమె పుట్టింటివారు. పత్రముమీద ఆమె పేరు లేదు. ఆమె నడిగినవారును లేరు. బేరము వసారాలో జరుగుచుండగా ఆమె వంటింట నుండును. గొంతులు వినవచ్చును గాని మాటలు తెలియవు. ఆమె యెరుగనిదానిని రచయిత్రి నడుమ దూరి చెప్పరాదు. గొంతు హెచ్చినపుడు ఆమె చేతిలోని గరిటె నిలిచిపోవును. ఆ తెలియనితనమే చదువరిని రెండవ పుటకు లాగును.

కావున మొదటి ఘట్టమును ముగ్గురి కన్నులతో మూడుమారులు వ్రాసి చూడుడు. నచ్చిన ప్రతిని ఇంటిలోని పెద్దవారికి చదివి వినిపించి, “ఇది యెవరి కథ?” యని యడుగుడు. మీరు తలచిన పేరే వారు చెప్పినచో ముందునకు సాగవచ్చును.