మన పరుగుకు మనమే పట్టీ కడదాం



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమంటే పూర్వ విద్యార్థులు సాధారణంగా తమ విజయాల గురించి రాస్తారు. నేను మాత్రం ఒక కాలిపట్టీ గురించి రాస్తున్నాను. నవ్వకుండా చివరిదాకా చదవండి.

మన హాస్టళ్లలో పతకం కోసం పరుగెత్తేవాళ్ల కన్నా ఉద్యోగం కోసం పరుగెత్తేవాళ్లే ఎక్కువ. కానిస్టేబుల్ కావాలంటే 1600 మీటర్ల పరుగు గట్టెక్కాలి. గుడివాడలో ఉన్నవాళ్లకు స్టేడియం ఉంది. బందరు శివార్లలో, దివిసీమ పల్లెల్లో ఉన్నవాళ్లకు కరకట్టో, తారురోడ్డో గతి. కోతల రోజుల్లో తెల్లవారుజామున మంచు పట్టి ఉంటుంది. అదే వేళకు ధాన్యం ట్రాక్టర్లు బయలుదేరతాయి. అలాంటి ఒక వేకువన, నా గదిలోనే ఉండే దివిసీమ మిత్రుణ్ణి ట్రాక్టరు కొట్టింది. "మనిషి కనపడలేదండీ" అన్నాడు డ్రైవరు. అది అబద్ధం కాదు. మావాడి కాలు అతుక్కుంది గానీ ఆ ఏటి సెలక్షన్ పోయింది. మళ్లీ నోటిఫికేషన్ వచ్చేసరికి వయసు దాటిపోయింది.

ఆ డ్రైవరు మాట నన్ను ఇన్నేళ్లూ వదల్లేదు. అందుకే కొందరు హాస్టల్ తమ్ముళ్లతో కలిసి, చీకట్లో పరుగెత్తేవాడు కనపడే వస్తువు ఒకటి తయారుచేయాలని కూర్చున్నాను.

ముందుగా బనీను వీపు మీద రేడియం స్టిక్కరు అంటించాం. పేరుకే రేడియం, నిజానికి అందులో ఉండేవి సన్నని గాజుపూసలు లేదా గాజులాంటి చిన్న చిన్న పలకలు. లైటు ఎటునుంచి పడితే అటే తిప్పి పంపుతాయి. రెండు రోజుల చెమటకే స్టిక్కరు ఊడింది. పైగా మోటారు సైకిలు మీద ఎదురొచ్చి చూసిన తమ్ముడు, "ఏదో మెరిసిందన్నా, కిలోమీటరు రాయి అనుకున్నా" అన్నాడు.

అక్కడే మాకు అసలు విషయం తెలిసింది. మెరిస్తే చాలదు, మనిషని తెలియాలి. స్వీడన్ శాస్త్రవేత్త గున్నార్ యోహాన్సన్ 1973లో దీని మీదే రాశాడు. చీకట్లో మనిషి కీళ్ల దగ్గర మాత్రమే వెలుగుచుక్కలు పెట్టినా, అవి కదలగానే చూసేవాళ్లు నడిచే మనిషిని గుర్తుపడతారు. కాబట్టి పట్టీ ఉండవలసింది వీపు మీద కాదు, పైకీ కిందికీ ఆడే చీలమండ మీద!

సైకిలు ట్యూబు ముక్కకు రేడియం గుడ్డ కుట్టి కట్టాం. జారలేదు గానీ చర్మం ఒరుసుకుపోయింది. పాత స్కూలుబ్యాగు పట్టీకి వెల్‌క్రో పెట్టాం. నల్లరేగడి బురదా, గడ్డిపరకలూ దూరి అది అతుక్కోవడం మానేసింది. చివరికి బందరులో రోల్డుగోల్డు పనిచేసే ఒకాయన, "గొలుసుకు పెట్టే కొక్కెం దీనికి ఎందుకు పనికిరాదు?" అని ఇత్తడి కొక్కెం చేసి ఇచ్చాడు. ఉప్పుగాలికి ఇత్తడి ఇనుములా తుప్పు పట్టదు. ఎలాస్టిక్, రేడియం గుడ్డ, కొక్కెం. ఇదే మా నాలుగో పట్టీ. ఈసారి తమ్ముడు దూరం నుంచే, "ఎవరో పరుగెత్తుకొస్తున్నారు" అని కేకేశాడు.

ఇవి బజారులో దొరకవా అని అడగవచ్చు. దొరుకుతాయి. కానీ మన బురద, మన ఉప్పుగాలి ఎరిగి చేసినవి కావు. అంతకన్నా ముఖ్యం, కొనుక్కుంటే పట్టీ ఒక్కటే వస్తుంది. చేసుకుంటే మూడుసార్లు చెడగొట్టి నాలుగోసారి నిలబెట్టే ఓర్పు కూడా వస్తుంది. అమెరికాలో బిల్ బోవర్‌మన్ అనే పరుగుల కోచ్ 1970ల మొదట్లో, ఇంట్లో వాఫిల్ అనే గళ్ల అట్టు కాల్చే పెనంలో రబ్బరులాంటి ద్రావణం పోసి బూటు అడుగు చేయబోయాడు. మొదటిసారి పెనం అతుక్కుపోయి పాడైంది. అయినా వదల్లేదు. ఆ గళ్ల అడుగే నైకీ కంపెనీకి పేరు తెచ్చింది.

మా తాత చెప్పులు కుట్టేవాడు. రైతు పాదం చూసి, అతను నడిచే నేల చూసి తోలు కోసేవాడు. దాన్ని ఎవరూ డిజైన్ అనలేదు, తక్కువ పని అన్నారు. ఆ తెలివి మన ఇళ్లలోనే ఉంది తమ్ముళ్లూ! సిగ్గుపడి పోగొట్టుకోవద్దు.

నా విన్నపం ఒక్కటే. ప్రతి హాస్టల్లో సూది, దారం, కత్తెర, రేకు, కొలతబద్ద ఉన్న పనిముట్ల పెట్టె ఒకటి పెడదాం. ఖర్చు పూర్వ విద్యార్థులం పంచుకుందాం. వచ్చే వార్షికోత్సవంలో వ్యాసరచన, పాటల పోటీలతోపాటు వస్తువు తయారీకీ బహుమతి ఇద్దాం.

వివరాలు అచ్చయ్యాక సాధారణంగా పేటెంటుకు దారి ఉండదని నాకు తెలుసు. తెలిసే ఇక్కడ రాశాను. ఎవరైనా కుట్టుకోండి, ఇంకా బాగుచేయండి. రోజూ కడుక్కోండి, బురద పడితే మెరవదు. పట్టీ ఉందని ధీమా వద్దు. వాహనాలు ఎదురుగా కనపడేలా రోడ్డుకు కుడిపక్కనే పరుగెత్తండి.

"మనిషి కనపడలేదు" అనే మాట మన పిల్లల విషయంలో ఇంకెవరూ అనకూడదు.

మీ
పూర్వ విద్యార్థి, బందరు