తాళంచెవి పక్కింట్లో ఉంది

గత నెలలో ఒక మిత్రుడు నాకొక కథాసంగ్రహం పంపాడు. నాలుగు పుటలు. హైదరాబాదులో కంప్యూటరు ఆటలు తయారుచేసే పనిలో ఉన్నవాడు, మంచివాడు, నాకంటే పదేళ్ళు చిన్న. పాడుబడ్డ భవనాల్లో తిరుగుతూ, కనిపించిన వస్తువునల్లా నొక్కి చూస్తూ, చిక్కుముడులు విప్పుకుంటూ పోయే ఆటలంటే నాకు పిచ్చి అని అతనికి తెలుసు. మాది టెక్కలి వైపు అనీ తెలుసు. ఈ రెండూ కలిపి ఒక ఆటకు కథ అల్లాడు.

కథ ఇది. పట్నపు యువకుడొకడు పలాసలో రైలు దిగి, వజ్రపుకొత్తూరు పోయే దారిలో తప్పిపోయి, జీడితోటల నడుమ ఒక పాడుబడ్డ మండువా లోగిట్లో చిక్కుపడతాడు. (ఉద్దానంలో ఒకదాని గోడనొకటి ఆనుకొని బారులు తీరిన ఇళ్ళు చూశాను గానీ, ఈ సినిమా లోగిళ్ళు అతనికెక్కడ కనబడ్డాయో!) గదికొక చిక్కుముడి. అన్నీ విప్పాక తేలేదేమంటే, ఆ ఇంటిని పట్టుకుని వేలాడుతున్నవి కిడ్నీ జబ్బుతో పోయినవారి ఆత్మలు. "ఎలా ఉందన్నా?" అని అడిగాడు. ఫోనులో నీళ్ళు నమిలాను. ఇక్కడ నమలను.

ముందుగా నా అర్హత చెప్పుకోవాలి. నేను ఈ ఆటలను దూరం నుండి చూసి ముక్కు విరిచేవాణ్ణి కాను. 2004లో జపానుకు చెందిన తకాగి చేసిన 'క్రిమ్సన్ రూమ్' అనే ఒక్క గది ఆటలో, తలుపు తెరవలేక ఒక రాత్రంతా కూర్చున్నాను. మరుసటేడు పోలండు చిత్రకారుడు మతేయుష్ స్కుత్నిక్ మొదలుపెట్టిన 'సబ్‌మెషీన్' వరుసను, 2015లో పదవభాగంతో అది ముగిసేదాకా వెంబడించాను. దాని రెండవభాగం మట్టిలో కూరుకుపోయిన ఒక దీపస్తంభంలో నడుస్తుంది. ఆడుతున్నంతసేపూ నా కళ్ళముందు బారువ సముద్రపుటొడ్డే ఉంది. చిన్నప్పుడు ఆ దీపస్తంభం కింద నిలబడి, పైన ఎవరుంటారో అని ఆలోచించినవాణ్ణి నేను.

"ఇంత వయసొచ్చి బొమ్మలాటలేమిటి" అనే పెద్దలకు నా జవాబు చిన్నది: పదాల గళ్ళు నింపడం తప్పు కానప్పుడు ఇదీ కాదు. వారితో నాకు పేచీ లేదు. నా పేచీ ఈ ఆటలను ప్రేమిస్తూనే, అవి ఎందుకు బాగుంటాయో గ్రహించని వారితో.

అవి ఎందుకు బాగుంటాయి? 1993లో వచ్చిన 'మిస్ట్' సంగతి చూడండి. మిల్లర్ సోదరులు చేసిన ఆ ఆట, లక్షల ప్రతులు అమ్ముడుపోయి, ఈ జాతి ఆటలన్నిటికీ తాత అయింది. ఒక ద్వీపం. మనిషి జాడ లేదు. గ్రంథాలయంలో పుస్తకాలు చాలావరకు కాలిపోయి ఉంటాయి. మిగిలిన రెండు పుస్తకాల్లో బందీలైన ఇద్దరు అన్నదమ్ములు, తననే విడిపించమని ఒకడు, తననే అని మరొకడు ప్రాధేయపడుతుంటారు. ఎవరిది నిజం? చెప్పడానికి మనుషులెవరూ లేరు. ఆ అన్నదమ్ములు ఏలిన లోకాలకు పోయి, వాళ్ళు వదిలిపోయిన గదుల్లోకి అడుగుపెట్టాలి. ఒకడి గదిలో విలాసాలు, ఇంకొకడి గదిలో చిత్రహింసల సామగ్రి. ఇద్దరూ దుర్మార్గులేనని బల్లలు, సొరుగులు, మంచాలు సాక్ష్యం చెబుతాయి. మాట నమ్మకు, గదిని చదువు అంటుంది ఆ ఆట. ప్రతి వస్తువునూ ఎవరో ఒకరు, ఏదో ఒక పనికోసం, అక్కడ పెట్టారనే నమ్మకం మీదే ఈ కళ మొత్తం నిలబడి ఉంది.

దెయ్యం వచ్చిందా, ఆ నమ్మకం కూలిపోతుంది. గడియారం ఎందుకు ఆగింది? దెయ్యం. గోడ మీద ఆ గీతలేమిటి? దెయ్యం. తలుపు లోపలి నుంచి గడియ ఎందుకు పడింది? మళ్ళీ దెయ్యమే. ప్రశ్న ఎంతటిదైనా జవాబు ఒకటే అయినప్పుడు ఇక అది చిక్కుముడి ఎలా అవుతుంది? రచయితకు సోమరితనం ఎక్కువైనప్పుడు దెయ్యం పుడుతుంది. కూలిన గోడ కనబడితే చాలు, కెమెరా పట్టుకుని అర్ధరాత్రి దూరి, "ఇక్కడేదో ఉంది ఫ్రెండ్స్" అని గుసగుసలాడే దృశ్యకాల జనం ఈ రోగాన్ని ఇంకా ముదరబెట్టారు.

ఇక మా తీరానికి వద్దాం. టిట్లీ తుపాను 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున వజ్రపుకొత్తూరు మండలపు ఒడ్డునే తీరం దాటింది. ఐదేళ్ళ ముందు వచ్చిన పైలిన్‌కు తట్టుకున్న తోటలు కూడా ఈసారి పడుకున్నాయి. కొబ్బరి మళ్ళీ నాటితే కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది. జీడీ అంతే. చెట్టు మీద బతికే ఇంట్లో చెట్టు పడిపోతే మనుషులు ఏం చేస్తారు? పలాస స్టేషనుకు పోయి రైలెక్కుతారు. తుపానుకు ముందు కూడా ఎక్కేవారే. హైదరాబాదు, చెన్నై, ముంబయి, గల్ఫు. అంతకు మునుపు, వారి తాతల కాలంలో, ఓడెక్కి రంగూను పోయేవారు. 1942లో జపాను బర్మా మీద పడినప్పుడు కొండలూ అడవులూ పట్టుకుని నడిచి తిరిగొచ్చినవారి కథలు మా వైపు ముసలివాళ్ళ నోట విన్నాను.

తుపాను వెళ్ళిన మరుసటి సంవత్సరం, దూరపు బంధువుల ఊరికి పనిమీద పోయి, ఒక ఇంటిముందు ఆగాను. పెంకులు సగం లేవు. తలుపుకు తాళం. కిటికీ ఊచల నుండి లోపలికి చూస్తే, గోడకు 2018 నాటి క్యాలెండరు, అక్టోబరు దగ్గరే ఆగిపోయి. మూలన ఖాళీ నీళ్ళ టిన్నులు నాలుగు. గోడ మీద సుద్దతో అంకెలు, కొన్ని కొట్టివేసి. పాపం, నా లోపలి ఆటగాడు మేలుకున్నాడు. ఆ అంకెలే తాళానికి సంకేతమేమో అన్నట్టుగా వాటివంక చూస్తున్నాను. ఇంతలో పక్క అరుగు మీద జీడిపిక్కలు ఏరుకుంటున్న ముసలమ్మ కేక వేసింది.

"ఎవులు బాబూ? ఎవులింటికొచ్చినావు?"

చెప్పాను.

"ఓలమ్మా, ఆళ్ళా? ఐదరాబాదు ఎల్లిపోనారు. తాళంచెవి మా ఇంటికాడే ఉంది. తియ్యమంటావేటి?"

ఆ సుద్ద అంకెలేమిటని అడిగాను. పిక్కల లెక్క అంది. ఎవరికి ఎన్ని బస్తాలు వేశారు, ఎంత రావాలి, ఎంత వచ్చింది. కొట్టివేసినవి వచ్చిన బాకీలు. కొట్టివేయనివి? "అయి రాలేదు, ఇంకేటొత్తాయి" అని నవ్వింది. మరి నీళ్ళ టిన్నులో? ఆ ఇంటి పెద్దాయనకు డయాలసిస్ చేసేవారట. బోరునీళ్ళు తాగొద్దన్నారని కొనుక్కునేవారట. ఆయన పోయాకే పిల్లలు ఊరు విడిచారు.

రెండు నిమిషాల్లో, ఒక్క మీట నొక్కకుండా, ఆ గది మొత్తం విచ్చుకుంది. ఇప్పుడు చెప్పండి, అక్కడ రహస్యమేముంది? కిటికీ బయట నిలబడి, పక్కింట్లో అడగని నా అజ్ఞానం తప్ప?

మా వైపున్న శిథిలాలన్నీ ఇటువంటివే. కళింగపట్నం, బారువ రేవుల్లో ఓడల సందడి ఎందుకు పోయిందో, రైలుమార్గాలు ఎటు పోయాయో చూసినవాడికి తెలుస్తుంది. పర్లాకిమిడి రాజావారు 1900లో వేయించిన నౌపడా చిన్నబండి, టెక్కలి మీదుగా వందేళ్ళకు పైగా నడిచి, పట్టాల వెడల్పు పెంచడంకోసం 2004లో ఆగింది. 2011కల్లా గుణుపురం దాకా పెద్దబండి వచ్చింది. అందులో ఏ ఆత్మా లేదు, ఇంజనీరింగు శాఖ కాగితాలున్నాయి. కాకరాపల్లి దగ్గర తంపరభూముల్లో తలపెట్టిన థర్మల్ విద్యుత్కేంద్రం సంగతి సరేసరి. 2011 ఫిబ్రవరి 28న అక్కడ పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అంతకు ఏడు నెలల ముందు, 2010 జులై 14న, సోంపేట బీలలోనూ అంతే. కాకరాపల్లి కేంద్రం ఒక్క యూనిట్టు కరెంటు ఇవ్వకుండానే నిలిచిపోయింది. అక్కడ ఎవరైనా ఆట కట్టదలచుకుంటే, ఏ దెయ్యం కావాలి? అనుమతి పత్రాలు, నేల సర్వే నంబర్లు, చేపలు పట్టుకునేవాడి వల, బడ్డీ కొట్టు మీద అతికించిన కరపత్రం, ఇవి చాలవా? 'మిస్ట్' పద్ధతిలో గదిని చదివితే తప్పెవరిదో ఆటగాడే తేల్చుకుంటాడు. అటువంటి ఆటను మనవాళ్ళలో ఎవరైనా చేస్తే తలమీద పెట్టుకుంటాను.

కిడ్నీ జబ్బు మాట మాత్రం వేరు. మిత్రుడి కథలో నన్ను అన్నిటికంటే బాధపెట్టింది అదే. ఉద్దానంలో నిజంగా విప్పని చిక్కుముడి ఏదైనా ఉంటే అది ఈ జబ్బు ఒక్కటే. నీళ్ళా, నేలలోని సిలికానా, పురుగుమందులా, ఎండలో చాకిరీ చేస్తూ నీళ్ళు చాలినన్ని తాగకపోవడమా, నొప్పి మాత్రలా, వంశమా, ఇవన్నీ కలిసా? దేశవిదేశాల వైద్యులు వచ్చి రక్తం తీసుకుపోయారు, నీళ్ళు పట్టుకుపోయారు. కారణమిదీ అని ఇప్పటికీ తిరుగులేకుండా తేలలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. అదే రోజు హిరమండలం జలాశయం నుండి ఉద్దానానికి తాగునీరు తెచ్చే పథకం కూడా. రావలసినవే. ఇంత బరువైన ప్రశ్నను తీసుకుపోయి, ఆటకు చివర ఝడిపించడానికి తెల్లచీర కట్టి నిలబెడతావా తమ్ముడూ? ఆ పోయినవాళ్ళ కొడుకులు నీ పక్క వీధిలో అపార్టుమెంటుకు కాపలా కాస్తూ ఉండవచ్చు. వాళ్ళ ఫోనులోకి నీ ఆట వస్తుంది. ఆ సంగతి తలచావా?

నేను ప్రేమించే ఆటలకు కూడా ఇక్కడ ఒక అక్షింత పడక తప్పదు. కనిపించిన ప్రతిదీ జేబులో వేసుకోమంటాయి అవి. తాళంచెవి, చాకు, ఉత్తరం, చిన్నపిల్ల బొమ్మ, ఏదైనా సరే. ఖాళీ ఇల్లంటే ఎవరిదీ కాని ఇల్లు అని వాటి లెక్క. తెల్లవాళ్ళ దేశాల్లో అది చెల్లుతుందేమో నాకు తెలియదు (చెల్లదనే నా అనుమానం). బెల్జియం చిత్రకారుడు బెనోవా సొకాల్ చేసిన 'సైబీరియా'(2002)లో మాత్రం కొంత సిగ్గు కనబడుతుంది. అందులో కథానాయిక న్యాయవాది. మరబొమ్మల కార్ఖానా అమ్మకానికి సంతకం చేయించుకోవడానికి వస్తుంది. కార్ఖానా ఎవరిది, వారసుడెవరు, ఎక్కడున్నాడు అని వెతుక్కుంటూ పోవడమే ఆట. ఇల్లు ఎవరిదని అడిగే ఆట అది. నాకు తెలిసి ఈ ప్రశ్న వేసినవి బహు కొద్ది.

ఇంకొక సంగతి గుర్తుకొచ్చింది, చెప్పి ముగిస్తాను. 2020 డిసెంబరు 31తో ఎడోబీ వారు ఫ్లాష్‌కు మంగళం పాడారు. నేను ఆడిన చిన్న చిన్న ఆటలు వేలాదిగా ఒక్కసారిగా తాళం పడ్డ ఇళ్ళయ్యాయి. 'ఫ్లాష్‌పాయింట్' పేరిట కొందరు స్వచ్ఛందంగా వాటిని ఏరి భద్రపరిచారు. 'రఫుల్' అనే ఉపకరణంతో మరికొన్ని నేటి విహారిణుల్లోనూ తెరుచుకుంటున్నాయి. స్కుత్నిక్ అయితే తన వరుసను 2023లో మళ్ళీ స్వయంగా కట్టి ఇచ్చాడు. ఆ ఆటలు పాడుబడ్డాయని వాటిమీద దెయ్యం కథ రాయలేదు ఎవరూ. యజమానిని అడిగారు, పేరు రాశారు, దుమ్ము దులిపారు.

మిత్రుడికి నా సలహా ఇంతే. ఆ నాలుగు పుటలూ పక్కన పెట్టి, ఒకసారి పలాస రా. కాశీబుగ్గలో బస్సెక్కుదాం. ఆ ముసలమ్మ ఇంకా అరుగు మీదే ఉంటుందని నా ఆశ. నీవు తలుపు తీయమని అడుగు, ఆమె తాళంచెవి తెస్తుంది. లోపల నీవు ఏది ముట్టుకున్నా "అది ఆళ్ళ పెద్దోడిది బాబూ, అక్కడే ఎట్టు" అంటుంది. అలాగే పెట్టెయ్యి.